విప్పని మోపు

కుపాంగ్
1998 మే 30

అక్కకు,

నువ్వూ, బావా, పిల్లలూ కులాసా అని తలుస్తాను. నాలుగేళ్ల తర్వాత రాస్తున్న ఉత్తరం ఇది. సొంత పని మీద కాదు, ఆఫీసు పని మీద రాస్తున్నాను.

నాన్న నీ పేర రాయించిన వాలు, ఊట పైన ఉన్నది, ఇప్పుడు మొత్తం తెల్లపూల పొద అయిపోయింది. అమరాసి కొండల్లో అంత దట్టంగా ఇంకెక్కడా లేదని మా వాళ్లు లెక్క కట్టారు. మేమిక్కడ ఒక ఈగని పెంచుతున్నాం. ఆ పొద పుట్టిన దేశం నుంచే తెచ్చిన ఈగ, రెక్కల మీద నల్ల చారలుంటాయి. ఆడఈగ కొమ్మ చివర లేత మొగ్గలో గుడ్లు పెడుతుంది. పురుగు లోపల తింటూ పెరిగితే కొమ్మ అక్కడ ఉబ్బి ముడి కడుతుంది. మొక్క బలమంతా ఆ ముడి లాగేస్తుంది, పువ్వుకి మిగలదు. పువ్వు లేకపోతే గాలికి ఎగిరే గింజా లేదు. కొన్నేళ్లకి పొద పలచబడి, కింద గడ్డికి వెలుతురు దొరుకుతుంది, పశువులకి మేత దొరుకుతుంది.

ఈ ఈగ ఇంక దేన్నీ ముట్టదు. మొక్కజొన్న, మిరప, బొప్పాయి అన్నీ దాని ముందు పెట్టి చూశాం. గుడ్లు పెట్టకుండా చచ్చిందే గానీ వాటి మీద వాలలేదు.

వానలు మొదలయ్యాక నీ వాలులో వదులుతాం. దానికి నీ అంగీకారం కావాలి. కాగితం జత చేశాను, మూడో వరస కింద సంతకం పెట్టి బస్సు కండక్టరు చేతికియ్యి. వక్కలు పంపుతున్నాను.

నీ తమ్ముడు
యెర్మియాస్


ఓయెలెకు
జూన్ 14

తమ్ముడు యెర్మియాస్‌కి,

నీ వక్కలు నీకే తిప్పి పంపుతున్నాను, లెక్క చూసుకో, ఒక్కటీ నమల్లేదు. కాగితం మాత్రం పంపడం లేదు. పొయ్యి రాజేసుకోడానికి పనికొచ్చింది.

"మేం లెక్క కట్టాం" అంటున్నావే, ఆ కొండ మీద ఎవరు బతుకుతున్నారో కూడా లెక్కలో ఉందా? నీకు గుర్తు లేదేమో, నేను గుర్తు చేస్తాను. ఒకప్పుడు ఆ వాలు నిండా సుబాబుల్ ఉండేది. పేనంత పురుగు ఎక్కణ్ణుంచో వచ్చి రెండు వర్షాకాలాల్లో చెట్టూ చేమా అంతా మోడు చేసింది. నాన్న మోళ్ల మధ్య కూర్చుని చేతులు చూసుకునేవాడు. వానొస్తే మట్టంతా ఊటలోకి జారేది, ఎర్రనీళ్లు వడకట్టుకుని తాగాం. ఆ మట్టిని పట్టి నిలబెట్టింది ఈ పొదే. మూడేళ్లు వదిలేస్తే చాలు, దాని ఆకు రాలి నేల నల్లబడుతుంది. కొట్టి కాలిస్తే ఆ బూడిదలో మొక్కజొన్న మనిషెత్తు లేస్తుంది. తాతల కాలంలో తొమ్మిదేళ్లు ఆగాల్సొచ్చేది. నాకు తొమ్మిదేళ్లు ఆగేంత భూమి లేదు, నలుగురు పిల్లలున్నారు. పొద పోతే మేం తినేదేంటి? నీ ఈగల్నా?

అప్పుడు పురుగు తనంతట తానొచ్చింది. ఇప్పుడు నువ్వు డబ్బాలో పెట్టి తెస్తానంటున్నావు, పైగా సంతకం పెట్టమంటున్నావు!

ఇంకో మాట. ఈస్టరు పండక్కి అమ్మ సమాధి దగ్గరికి వచ్చావట. భుజాన సంచితో కొండెక్కుతుంటే మీ బావ మథియోస్ తాటిచెట్టు మీంచి చూశాడు. "బావమరిది గారొచ్చారు, కుండలో కల్లుంది, దింపనా?" అని అరిచాడట. నువ్వు వినపడనట్టు పోయావట. గుమ్మం తొక్కని తమ్ముడికి నా వాలు మీద అడుగు పెట్టే పనిలేదు.

ఓర్పా


కుపాంగ్
జూన్ 27

ఓర్పాకు,

నువ్వింత దాకా తెచ్చావు కాబట్టి నేనూ తేలుస్తాను.

నీ పొద మంచితనం గురించి బాగా రాశావు. మన మూడు కోడెల మాట మాత్రం రాయలేదు. నల్లటి ఒళ్లు, తెల్లటి కాళ్లు, నాన్న ఆరేళ్లు తాడు కట్టి, మేత మోసి పెంచినవి. నేను అడోల్ఫినాని చేసుకోడానికి వాళ్లింటికి ఓలిగా ఇవ్వాల్సినవి. పదేళ్ల కిందట ఆ నవంబరులో, తొలి వాన పడ్డ ఇరవయ్యో రోజున, మధ్యాహ్నానికి మూడూ నోట నురగతో పడిపోయాయి. గొంతు కోస్తే రక్తం కాఫీ రంగులో వచ్చింది. ఎవడో చేతబడి చేశాడన్నారు. అడోల్ఫినా మేనమామలు ఆ రక్తం చూసి, ఆ ఇంటికి పిల్లనివ్వమని లేచిపోయారు.

ఆ రంగు ఎందుకొచ్చిందో ఇప్పుడు నాకు తెలుసు. కాల్చిన నేల మీద తొలి వానకి లేచిన ఆ పొద చిగురులో నైట్రేటనే ఒక ఉప్పు నిండా ఉంటుంది. మొక్క నేలలోంచి తాగి దాచుకుంటుంది. పశువు కడుపులో అది ఇంకో రకంగా మారి రక్తంలోకి దిగుతుంది. ఆ రక్తం ఇంక ఊపిరి మొయ్యలేదు. ఊపిరి లోపలికి పోతూనే ఉంటుంది, పశువు మాత్రం ఊపిరాడక చస్తుంది. విడిచిపెట్టిన పశువు ఆ ఆకు వాసనకే మొహం తిప్పుకుంటుంది. మన ఊళ్లో పశువు తాడుకి కట్టేసి ఉంటుంది. పెట్టింది తింటుంది.

పెట్టింది నువ్వు. "నేనే కోశాను, నేనే పెట్టాను" అని నాన్న ముందు, ఊరందరి ముందు నీ నోటితో నువ్వే అన్నావు. నా పెళ్లి అక్కడితో పోయింది. నేను నిన్ను ఒక్క మాట అనలేదు, ఊరొదిలి వచ్చేశాను. తొమ్మిదేళ్లుగా ఈ మొక్క అంతు చూడడమే నా పని. ఇప్పుడు అదే వాలు మీద, అదే మొక్క కోసం నువ్వు అడ్డం పడుకుంటానంటే ఊరుకోను.

తోబియాస్ మామని ఇక్కడికి పిలిపించి మాట్లాడాను. మేనమామ మాట కాదనే ధైర్యం ఉంటే అను, చూస్తాను.

యెర్మియాస్


ఓయెలెకు
జులై 12

ఆఫీసరు గారికి,

మీ మేనమామ వచ్చారు. పెద్ద వక్కల బుట్ట చంకన పెట్టుకుని, తీర్పు చెప్పేవాడి మొహంతో వచ్చారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, తర్వాత మీ చెవిన ఇంకో రకంగా పడకూడదు.

"ఏమే ఓర్పా, ఒక పిచ్చి మొక్క కోసం తోడబుట్టినోడితో తగువేంటే?"

ఆయన ముందు బీన్స్ వేసి ఉడికించిన మొక్కజొన్న గిన్నె పెట్టాను. "ముందు తినండి మామా. ఎలా ఉంది?"

"బాగుంది. గింజ గట్టిగా ఉంది."

"ఆ పిచ్చి మొక్క బూడిదలో పండింది."

"అలాగా. మరి నా మేకల సంగతి చెప్పు. కొండంతా ఇదే, గడ్డి పరక లేదు. ఆకలికి నా పెళ్లాం కట్టుకున్న సారోంగు కొస నమిలేశాయి. అది నన్ను తిడుతోంది."

"అత్త తిట్టేది మేకల గురించేనా మామా?"

మథియోస్ పగలబడి నవ్వాడు. మామ కూడా నవ్వాడు, రెండో గిన్నె పెట్టించుకున్నాడు. సంతకం మాట మళ్లీ ఎత్తలేదు. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి మాత్రం అన్నాడు: "నువ్వు సంతకం పెట్టవు, సరే. వాడు సంతకం కోసం ఆగే మొహంతో లేడే తల్లీ. నాకు వాడి చూపు నచ్చలేదు."

ఇక కోడెల మాట. "నిన్ను ఒక్క మాట అనలేదు" అని గొప్పగా రాశారు. మీరు అనక్కర్లేకపోయింది, ఊరే అంది. నా చేతిలో ఏదో ఉందన్నారు. నేను నీళ్లు తోడితే ఆడాళ్లు ఆ పూట ఊట దగ్గరికి రావడం మానేశారు. నాన్న చచ్చిపోయే దాకా నా చేతి వక్క ముట్టలేదు. వాలు నా పేర రాయించింది ప్రేమతో కాదు, ఇవ్వడానికి కొడుకు ఎదురుగా లేక. నన్ను చేసుకుంటానని ఈ ఊరివాడు ఒక్కడూ రాలేదు. రోతె దీవి నుంచి చెట్లెక్కడానికి వచ్చిన మథియోస్‌కి ఈ కథ తెలియదు కాబట్టి చేసుకున్నాడు. తెలిశాక కూడా ఉన్నాడు, అది వేరే సంగతి.

ఆ మూడు కోడెలు మీకు ఒక పెళ్లి పోగొట్టాయి. నాకేం పోగొట్టాయో మీ డబ్బాల్లో కొలిచి చూసుకోండి.

ఓర్పా


ఓయెలెకు
ఆగస్టు 23

దొంగకి,

నిన్న అమ్మ సమాధి చుట్టూ శుభ్రం చేద్దామని వెళ్లాను. పొద కొమ్మల చివర్లు బఠాణీ గింజల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, సమాధి దగ్గర్నుంచి వాలు సగం దాకా. గోటితో ఒకటి చీల్చాను. లోపల తెల్లటి పురుగు మెలికలు తిరుగుతోంది.

ఈస్టరుకి సంచిలో ఏం తెచ్చావో ఇప్పుడు తెలిసింది. అమ్మకి కొవ్వొత్తి వెలిగించడానికి వచ్చావనుకున్నాను. గుమ్మం తొక్కకపోతే సిగ్గుపడ్డావనుకున్నాను. నువ్వు ముందే చేసేసి, ఆ తర్వాత నన్ను సంతకం అడిగావు! మేనమామని నడిపించావు! మీ ఆఫీసులో ఈ సంగతి ఎవరికైనా తెలుసా, అక్కడ కూడా దొంగతనమేనా?

ఇక నేను దాచేదేం లేదు.

ఆ రోజు మేత నేను కొయ్యలేదు, నువ్వు కోశావు. మామూలుగా రెండు కొండలు దాటిపోయి కోసుకొస్తావు. ఆ పొద్దున అడోల్ఫినా వాళ్ల చర్చిలో పాటల సాధన ఉందని తల నున్నగా దువ్వుకుని, గంటలో మోపుతో తిరిగొచ్చావు. రెండు కొండలు గంటలో ఎవడూ పోయి రాలేడు. నేను రోలు దగ్గరున్నాను, మోపు చూశాను. పైన గడ్డి, అంచుల్లోంచి లేత తెల్లపొద చిగురు కనపడుతోంది. నువ్వు పశువుల ముందు పడేసి ఈల వేసుకుంటూ పోయావు.

నాన్న కత్తి పట్టుకుని "ఎవరు కోశారు, ఎవరు పెట్టారు" అని అరుస్తుంటే నువ్వు నా వెనకాల నిలబడి ఉన్నావు. నీ పళ్లు కొట్టుకోవడం నాకు వినపడింది. నేనే అన్నాను.

పదేళ్లు ఈ మాట కడుపులో పెట్టుకున్నాను. నువ్వు తట్టుకోలేవనుకున్నాను. నీకు నిజంగానే తెలియదేమో, గడ్డి అనుకుని కోశావేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నా నేల మీద దొంగచాటుగా పురుగు వదిలినవాడి కోసం ఇంక సర్దిచెప్పుకోను.

ఓర్పా


కుపాంగ్
సెప్టెంబరు 2

అంతా అబద్ధం. భూమి కోసం ఇంత నీచానికి దిగుతావనుకోలేదు. ఇక నాకు రాయకు.

యె.


కుపాంగ్
1999 జనవరి 10

అక్కా,

ఈ ఉత్తరం ఇప్పటికి ఐదుసార్లు రాసి చింపేశాను.

అబద్ధం రాసింది నేను. నాకు తెలుసు. ఆ రోజు తెలియకపోవడం కాదు, కోస్తున్నప్పుడే తెలుసు. చెయ్యంతా ఆ ఆకు ఘాటు వాసన. నాన్న వద్దన్నాడనీ తెలుసు. పశువు తినదులే, పైన గడ్డి వరకు తిని కింది పొర వదిలేస్తుందిలే, సాయంత్రం వచ్చి పారేస్తానులే అనుకున్నాను. కట్టేసి ఉన్న పశువు ఆకలేస్తే ఏం చేస్తుందో ఆలోచించలేదు. దగ్గరి వాలు అప్పుడే కాల్చాం కదా, వాన పడి చిగురు మోకాలెత్తు ఉంది. పది అడుగుల్లో మోపు నిండింది. పైన పరచడానికి గట్టు మీద గడ్డి సరిపోయింది.

నువ్వు "నేనే" అన్నప్పుడు నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఒక రోజు ఆగి చెబుదాం అనుకున్నాను, తర్వాత వారం, తర్వాత ఊరు దాటాక ఉత్తరంలో. నువ్వు నా కోసం ఎందుకన్నావో కూడా అడగలేదు. అడిగితే నువ్వు మోపు చూశానని చెబుతావేమోనని భయం. అందుకే గుమ్మం తొక్కలేదు, నీ మీద కోపంతో కాదు. కొన్నేళ్లు పోయాక, నిజంగా నువ్వే పెట్టావని నేనే నమ్మడం మొదలెట్టాను. జూన్ ఉత్తరం రాసేటప్పుడు ఒక్క అక్షరం కూడా కొట్టివెయ్యలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తోంది.

ఇక్కడ నేనేం చేస్తానో తెలుసా? ఈగలు బతకాలంటే ఆ పొద కావాలి. వంద కుండీల్లో దాన్ని పెంచుతాను. పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తాను, వాడితే కంగారుపడతాను. తిమోరు మొత్తంలో ఆ మొక్కకి నీళ్లు పోసేవాణ్ణి నేనొక్కణ్ణే. దాని మీద నాకు పగ లేదక్కా. మొక్క ఏం చేసింది, దాని ఉప్పు అది దాచుకుంది. కోసింది నేను.

ఈస్టరుకి ఈగల్ని ఎవరికీ చెప్పకుండా తెచ్చాను. ఆఫీసులో గత వారం ఒప్పుకున్నాను. ఏమంటారో ఇంకా తెలియదు, ఏమన్నా పడతాను. వదిలిన ఈగని వెనక్కి పిలవలేను, ఆ సంగతి నీ దగ్గర దాచను. పొద పూర్తిగా చావదు, అది మాత్రం నిజం. బలహీనపడుతుంది, మధ్యలో గడ్డి వస్తుంది. నీ బూడిదకి సరిపోయేంత ఉంటుందా ఉండదా అని నువ్వడిగితే, తెలియదు. తెలుసని రాసినప్పుడు కూడా తెలియదు.

నువ్వు ఎందుకన్నావు? ఇప్పుడు అడుగుతున్నాను.

యెర్మియాస్


ఓయెలెకు
మార్చి 21

యెర్మియాస్,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. కోత పనుల్లో ఉన్నాను. పని లేకపోయినా వెంటనే రాసేదాన్ని కాదు. ఒప్పుకున్నావు కదా అని నిన్ను నెత్తిన పెట్టుకుంటాననుకోకు. పదేళ్లు నా చేతి నీళ్లు ఊళ్లో ఆడాళ్లు ముట్టలేదు. అది ఒక ఉత్తరంతో పోదు. మామకి నేను చెప్పలేదు. నువ్వే చెప్పుకో.

నేనెందుకన్నానో అడిగావు. నీ మీద ప్రేమ అనుకుంటున్నావేమో, అంత లేదు. ఆ పొదని మన వాలుకి తెచ్చింది నేను. సుబాబుల్ చచ్చిన ఏడు, ఊట ఎర్రబడిన ఏడు, ఆగస్టు గాలుల్లో కొండ అవతలికి వెళ్లి, ఎండిన తెల్లపూల గుత్తులు సారోంగులో మూటకట్టి తెచ్చి వాలంతా దులిపాను. అమ్మ సమాధి దగ్గర కూడా. మూడుసార్లు తిరిగాను. ఎవరికీ చెప్పలేదు. కోడెలు పడిపోయి, నాన్న ఎవరని అరిచినప్పుడు నా కళ్ల ముందు నీ మోపు లేదు, నా సారోంగు ఉంది. అందుకని నోరు దానంతట అదే "నేనే" అంది. తర్వాత ఆలోచిస్తే నీ మోపు గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైంది, పైగా నీ మీదికి తోసేస్తే నాది కూడా బయటపడుతుంది.

ఈ సంగతి మథియోస్‌కి కూడా తెలియదు. నీకే చెబుతున్నాను, ఎందుకంటే నువ్వు నన్ను తప్పుపట్టలేవు.

నీ పురుగుల సంగతి: ముడులు చాలా ఉన్నాయి. ఈ ఏడు పూత తక్కువే ఉండేలా ఉంది. సమాధి చుట్టూ పొద పలచబడింది, కింద గడ్డి లేస్తోంది. మామ మేకలు తాళ్లు తెంపుకుని అక్కడికే వస్తున్నాయి. ఈ ఏటి మొక్కజొన్న బాగానే వచ్చింది, గుండ్రటింటి అటక కింద పొయ్యి పొగలో నిండా వేలాడుతోంది. మూడేళ్ల తర్వాత ఎలా ఉంటుందో నీకూ తెలియదన్నావు కదా, నాకూ తెలియదు. ఇంకో కాగితం పంపినా సంతకం మాత్రం పెట్టను. నీ ఈగ అడగలేదు, నేను పెట్టను.

ఇంకొకటి. అసలు దీని కోసమే కలం పట్టాను.

మథియోస్ సగం వాటాకి ఒక పెయ్యదూడని తెచ్చాడు. ఇంటి పక్కనే కట్టాం. మేత కోసే పని నా పెద్దది సెల్ఫినాది, ఎనిమిదేళ్లు. మొన్న వాన పడ్డ తర్వాత దాన్ని పంపితే గంట కూడా కాకముందే మోపుతో తిరిగొచ్చింది. "ఇంత తొందరగానా?" అన్నాను. "దగ్గర్లోనే దొరికిందమ్మా" అని మొహం చాటేసింది. నేను రోలు దగ్గరున్నాను, అదే చోటు. లేచి వెళ్లి మోపు విప్పాను. పైన గడ్డి, కింద అది.

ఆ రోజు కూడా లేచి విప్పాల్సింది. పిండి దంచడం ఆపి పది అడుగులు వెయ్యాలి, అంతే. వెయ్యలేదు. నువ్వు కోశావు, నేను విప్పలేదు. అది కూడా రాసుకో.

సెల్ఫినాని తిట్టాను. "దూడ తినదులే అమ్మా, వదిలేస్తుంది" అంది. అచ్చం నీ మాటే. నేనెంత చెప్పినా నమ్మడం లేదు, కోడెల కథ అబద్ధం అంటోంది. కాఫీ రంగు రక్తం అంటే నవ్వుతోంది.

నువ్వొచ్చి దానికి చెప్పు. నీ ఉప్పు గురించీ, ఊపిరి మొయ్యలేని రక్తం గురించీ నీకు తెలిసినట్టే చెప్పు, నాకు అంత బాగా రాదు. వక్కలు పంపడం లేదు, వస్తే ఇంట్లో ఉన్నాయి. గుమ్మంలోంచే రావాలి. దూడ దగ్గర కూర్చోబెట్టి, మథియోస్ వినేలా, మామని కూడా పిలిపిస్తాను ఆయన వినేలా చెప్పు. ఆ మోపు ఎవరు కోశారో కూడా చెప్పు.

ఓర్పా